వేడినీళ్ళ సంగతి

ఏప్రిల్ 2, బుధవారం

క్లినిక్ వాళ్ళు ఫోనుకి ఒక లింకు పంపారు. షుగర్ ఉన్న పిల్లల కుటుంబాలకి ఆన్‌లైన్ తరగతులట. ఆదివారం మధ్యాహ్నం ఒకటి, బుధవారం సాయంత్రం ఒకటి. "పిల్ల ఉండే ఇళ్ళలోని పెద్దవాళ్ళందరూ చేరాలి" అని రాసి ఉంది. ఇళ్ళు అని. ఇల్లు అని కాదు.

ఆయనకి చూపించాను. పనిముట్ల సంచి సర్దుకుంటూ, "నాలుగేళ్ళ నుంచీ చూసుకుంటున్నాను, నాకు కొత్తగా చెప్పేదేముంటుంది? నువ్వు చేరు" అన్నాడు. రేపు ఏదో పెద్ద భవనంలో లిఫ్టు తాళ్ళు మార్చాలిట. లిఫ్టు గోతిలోకి దిగాడంటే ఆయన ఫోనుకి అందడు. అందుకే నన్ను చేరమన్నాడేమో.

పెళ్ళయి అయిదు నెలలు. ఇప్పటిదాకా నాకు తెలిసింది: ఇన్సులిన్ సూది ఒకసారి పొట్టకి, ఒకసారి తొడకి, ఒకసారి చేతికి మార్చి మార్చి వేసుకోవాలి. నాకు తెలియనిది: మిగతా అంతా. కందిరీగ తన సూది తానే వేసుకుంటుంది. నన్ను చూడనివ్వదు. వేలు పొడుచుకుని, మీటరులో అంకె చూసుకుని, మీటరు బోర్లా తిప్పేస్తుంది. "ఎంత వచ్చింది?" అంటే, "బాగానే ఉందండీ" అంటుంది. పదేళ్ళ పిల్ల, ఇంట్లో నాకు అండీ అంటుంది.

కందిరీగ అని పిలుచుకునేది వాళ్ళ నాన్నే. ఆరో ఏట జబ్బు బయటపడినప్పుడు మొదటి సూది వెయ్యబోయిన నర్సుని కసుక్కున కొరికిందిట. అప్పటినుంచి ఆ పేరు. నేను మనసులోనే పిలుస్తాను, పైకి పిలిచే ధైర్యం రాలేదు.

లింకు నొక్కాను. పేరు అడిగితే 'కళ్ళజోడు' అని రాశాను, అద్దాల షాపులో పని కాబట్టి. బంధుత్వం అని ఇంకో గడి. దాన్ని చాలాసేపు చూశాను. చివరికి 'ఇంట్లో మనిషి' అని రాశాను.

ఏప్రిల్ 6, ఆదివారం

మొదటి తరగతి. స్క్రీను నిండా చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో ముఖం. మా షాపులో కంటి పరీక్షకి వాడే అద్దాల పెట్టె తెరిచినట్టుంది. ఏది ఎవరి కంటికి సరిపోతుందో అప్పుడే తెలియదు. ఒకతను లారీలో కూర్చుని ఉన్నాడు, వెనక రోడ్డు కదులుతోంది. తమ్ముడు నడుపుతున్నాడు, నేను నేర్చుకుంటున్నాను అన్నాడు. అతని కొడుక్కి ఏడేళ్ళట. ఒక అమ్మమ్మకి మైకు ఆపడం రాదు. ఆవిడ ఇంట్లో గిన్నెలు, పక్షులు, ఎవరో తుమ్మడం, అన్నీ పాఠంలో కలిసిపోయాయి.

చెప్పేది పెద్ద నర్సు. నవ్వు ముఖం. తినేదాంట్లో పిండి ఎంతో చూసి దాన్నిబట్టి మందు ఎలా లెక్క కట్టాలో చెప్పింది. కొత్త కళ్ళజోడు పెట్టుకున్న మొదటిరోజు మెట్లు దిగుతుంటే నేల పైకి వచ్చినట్టు ఉంటుందని మా షాపుకి వచ్చేవాళ్ళు చెప్తుంటారు. నాకు అలా ఉంది.

ఒక గడిలో మనిషే లేరు. నీలిరంగు గోడ, దాని మీద కిటికీ పరదా నీడ. పేరు దగ్గర 'ఒకరి అమ్మ' అని ఉంది. చివర్లో ఆ గోడ మాట్లాడింది. "పిల్లకి షుగర్ పడిపోయిందా, లేక మన మీద నిజంగానే కోపమొచ్చిందా, ఎలా తెలుస్తుందండీ?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నర్సు కూడా నవ్వలేదు. "అనుమానం వస్తే ముందు వేలు పొడిచి చూడండి. కోపం సంగతి తర్వాత" అంది.

ఏప్రిల్ 7, సోమవారం

ఆ గొంతు ఎక్కడో విన్నాను.

ఏప్రిల్ 8, మంగళవారం

పొద్దున్నుంచీ మబ్బు. షాపు వెనక గదిలో కిటికీ దగ్గర కూర్చుని కళ్ళద్దాల అంచులు అరగదీస్తుంటే వీధి మొత్తం అద్దంలో తలకిందులుగా పోతూ ఉంది. గొడుగులు కింద, కాళ్ళు పైన. నాకు అలా చూస్తూ కూర్చోవడం ఇష్టం. యజమాని పిలిచినా వినపడలేదుట.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కందిరీగ తివాచీ మీద బోర్లా పడుకుని రేడియో మీద చెంప ఆనించి ఉంది. రోజూ ఆ వేళకి అలాగే ఉంటుంది. పాటలేమో అనుకునేదాన్ని. ఈ రోజు చెప్పులు చేత్తో పట్టుకుని వెనకనుంచి వెళ్ళాను. పాటలు కావు. సముద్రం మీద వాతావరణం. "పడమటి గాలులు. అలలు ఒక మోస్తరు. చూపు ఆనే దూరం మధ్యాహ్నానికి పెరుగుతుంది." పడవలవాళ్ళకి తప్ప ఎవరికీ పనికిరాని మాటలు, ఒక ఆడగొంతు నెమ్మదిగా, నిద్రపుచ్చుతున్నట్టు చదువుతోంది.

"ఎవరు చదివేది?" అన్నాను.

"అమ్మ" అంది, తల ఎత్తకుండా.

నీలిగోడ.

చెప్పులు చేతిలోనే పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. క్లినిక్ వాళ్ళు ఇళ్ళు అని ఎందుకు రాశారో అప్పుడు అర్థమైంది. రెండిళ్ళకీ ఒకటే లింకు పంపారు.

ఏప్రిల్ 9, బుధవారం

ఆయనకి చెప్పలేదు. చెప్పడానికి ఏముంది? వాళ్ళ అమ్మ కూడా నేర్చుకుంటోంది, మంచిదే. నేనెవరో ఆమెకి తెలియదు. కళ్ళజోడు అని పేరు పెట్టుకున్నవాళ్ళు లోకంలో ఎంతమంది ఉండరు.

ఈ రోజు నర్సు మమ్మల్ని ఇద్దరిద్దరిగా జంటలు కట్టింది. తరగతికీ తరగతికీ మధ్య ఒకరికొకరు మెసేజీలు పెట్టుకోవాలి. ఒకరు రాలేకపోతే ఇంకొకరు పాఠం చెప్పాలి. లారీ నాన్నకి మైకు అమ్మమ్మ పడింది. "కళ్ళజోడు గారూ, మీరూ ఒకరి అమ్మ గారూ" అంది నర్సు. ఆమె కొంచెం నవ్వినట్టనిపించింది. ఆమెది ఎప్పుడూ నవ్వు ముఖమే కదా.

ఏప్రిల్ 12, శనివారం

నీలిగోడ రాసింది. ఆమె కూతురు వేరే ఊళ్ళో తండ్రి దగ్గర ఉంటుందట. ఇంతకుముందు వచ్చినా రెండేసి రోజులే, తండ్రి కూడా దగ్గర్లోనే ఎక్కడో దిగేవాడట. ఈ సెలవుల్లో మొదటిసారి నెలంతా ఒక్కతే వస్తుందట. "రేడియోలో తుఫాను వార్తలు చదివేటప్పుడు కూడా నా గొంతు వణకదండీ. ఆ చిన్న సూది చూస్తే చేతులు వణుకుతాయి. జబ్బు వచ్చిన కొత్తల్లో నేను వెయ్యలేకపోయేదాన్ని. ఆయనే వేసేవాడు. ఆ తర్వాత అన్నీ ఆయనే" అని రాసింది.

నేను రాశాను: "సూదిలో గాలిబుడగ ఉందేమో చూసుకోండి, లోపలికి గుచ్చాక పదిదాకా లెక్కపెట్టి తియ్యండి. మిగతాది చేతులే నేర్చుకుంటాయి."

నేనెప్పుడూ ఎవరికీ సూది వెయ్యలేదు. తరగతిలో చెప్పిందే రాశాను. తప్పేముంది?

ఏప్రిల్ 15, మంగళవారం

రోజూ రాస్తోంది. నేనూ రాస్తున్నాను. షాపులో గిరాకీ లేనప్పుడు ఫోను చూసుకోవడం అలవాటైపోయింది. నాకు స్నేహితురాళ్ళు పెద్దగా లేరు. ఉన్నవాళ్ళు ఎప్పుడో పెళ్ళిళ్ళై వెళ్ళారు. నా పెళ్ళి అయ్యేసరికి వాళ్ళ పిల్లలకి కళ్ళజోళ్ళు వచ్చాయి.

ఈ రోజు ఆమె రాసిన దాంట్లో ఒక వాక్యం: "మీరు చేసే గుమ్మడికాయ సూపు తనకి చాలా ఇష్టమట." వెంటనే ఇంకోటి వచ్చింది: "అదే, పిల్లలకి ఇష్టం ఉంటుందని విన్నాను."

సూపు సంగతి నేను ఎప్పుడో రాసి ఉంటాను.

ఏప్రిల్ 20, ఆదివారం

కందిరీగకి స్నానం అంటే పిచ్చి. తొట్టి నిండా పొగలొచ్చే వేడినీళ్ళు పట్టుకుని తలుపేసుకుంటే ఇక బయటికి రాదు. లోపల ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. పడవలకి దారి చెప్తూ ఉంటుంది.

ఈ రోజు ఆయన పనిలో ఉన్నాడు. భోజనానికి ముందు సూది వేసుకుని, "తర్వాత తింటానండీ" అని స్నానానికి వెళ్ళింది. చాలాసేపటికి వచ్చింది. గోడ పట్టుకుని వచ్చింది. ముఖం తెల్లకాగితంలా ఉంది, తల తుడుచుకున్నా నుదుటి మీద చెమట. వంటింట్లో నేలమీద కూలబడి చక్కెర డబ్బా తీసుకుని చెంచాతో తిన్నది. నేను నీళ్ళగ్లాసు పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఏం చెయ్యాలో గుర్తు రాలేదు. తరగతిలో రాసుకున్నవన్నీ అలుక్కుపోయినట్టయింది.

కాసేపటికి బుగ్గలకి రంగు వచ్చింది. నా వైపు చూసింది. ఇన్నాళ్ళలో మొదటిసారి నన్ను సూటిగా చూసింది.

"నాన్నకి చెప్పొద్దు. చెప్తే స్నానం మానిపించేస్తాడు."

"ఇలా ఎన్నిసార్లు అయింది?"

"ఒకటి రెండు సార్లు. నాకు తెలుస్తుందండీ, తెలియగానే వచ్చేస్తాను. చెప్పొద్దు."

"చెప్పను" అన్నాను.

నా భుజం పట్టుకుని లేచి గదిలోకి వెళ్ళింది. భుజం మీద చెయ్యి తడి ఇంకా ఆరలేదు. ఆరనివ్వాలని లేదు.

ఏప్రిల్ 23, బుధవారం

ఈ రోజు పాఠంలో నర్సు చెప్పింది: వేడినీళ్ళలో ఒళ్ళు నానితే ఇన్సులిన్ తొందరగా రక్తంలోకి వెళ్ళిపోతుంది. సూది వేసుకున్న వెంటనే వేడినీళ్ళ స్నానం వద్దు. స్నానం ముందు, సూది తర్వాత. తలుపు గడియ పెట్టుకోవద్దు. లారీ నాన్న రెండుసార్లు అడిగి రాసుకున్నాడు.

నీలిగోడ రాలేదు. ఆమె గడి లేదు.

ఏప్రిల్ 24, గురువారం

నీలిగోడ రాసింది: "నిన్న డ్యూటీ పడింది. ముఖ్యమైనవి ఏమైనా చెప్పారా?"

టైపు చేశాను. వేడినీళ్ళు, అని మొదలుపెట్టాను. ఆమెకి తెలిస్తే ఆయనకి చెప్తుంది, ఆయన పిల్లని అడుగుతాడు. ఎవరు చెప్పారంటే ఇంకెవరు? చెరిపేశాను.

"ప్రయాణంలో మందు చల్లగా ఎలా ఉంచాలో చెప్పారు. రికార్డింగు పెట్టారు, చూడండి" అని పంపాను.

నిజమే కదా. రికార్డింగు ఉంది. చూసుకుంటుంది.

ఏప్రిల్ 29, మంగళవారం

కందిరీగ షాపుకి వచ్చింది, బడి నుంచి నేరుగా. పరీక్ష అద్దాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి కంటికి పెట్టుకుని చూసింది. "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని నేను అడుగుతాను, "రెండూ బాలేవండీ" అంటుంది. యజమాని కూడా నవ్వాడు. వెళ్ళేటప్పుడు మీటరు నా బల్ల మీద మరిచిపోయింది. మరిచిపోయిందో, పెట్టిందో.

ఈ పిల్ల నాకు చెప్పిన ఒక్క మాట నేను దాచలేకపోతే ఎలా?

మే 3, శనివారం

ఆయన, కందిరీగ పొద్దున్న రైలుకి వెళ్ళారు. ఆయన దింపి రేపు వచ్చేస్తాడు. రైలు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపింది. నాకే ఊపిందనుకుంటాను.

మే 4, ఆదివారం

తరగతిలో నీలిగోడ గడిలో గోడ వెనకనుంచి ఒక గొంతు. "అమ్మా, సబ్బు ఎక్కడుంది?" అంతే. మైకు ఆగిపోయింది.

ఆయన వచ్చి పడుకున్నాడు. ఇల్లు పెద్దదైపోయింది.

మే 6, మంగళవారం

కల వచ్చింది. షాపులో అద్దాల పెట్టె తెరిస్తే ప్రతి గడిలోనూ నీళ్ళు. ప్రతి దాంట్లో చిన్న పడవ. నేను పరీక్షగా చూస్తూ, ఈ పడవ బాగుందా, ఇందాకటి పడవ బాగుందా అని అడుగుతున్నాను. ఎవరూ జవాబు చెప్పరు. లేచాక కూడా చేతులు తడిగా అనిపించాయి.

స్నానం సంగతి రాయలేదు. నన్ను ఆమె అడగలేదు కదా.

మే 8, గురువారం

నీలిగోడ రాసింది: "మా అమ్మాయి వచ్చింది. పొడుగైంది. నాతో ఎక్కువ మాట్లాడదు. మీ ఇంట్లో పిల్ల ఎలా ఉంది?"

"ఊరెళ్ళింది" అని రాశాను.

"మీకు బెంగగా ఉండి ఉంటుంది" అని వచ్చింది.

ఉంది అని రాసి, చెరిపి, "పనిలో పడితే తెలియదు" అని పంపాను.

మే 9, శుక్రవారం

అడగలేదు కదా.

మే 12, సోమవారం

నిన్న జరిగింది ఇప్పుడు రాస్తున్నాను. నిన్న చెయ్యి కదల్లేదు.

సాయంత్రం, ఇంకా వెలుతురు ఉంది. ఆయన పనిమీద వెళ్ళాడు. నేను బాల్కనీలో ఆరేసిన బట్టలు తీస్తున్నాను. ఫోను మోగింది, మెసేజి. "కళ్ళజోడు గారూ, ఉన్నారా? మా అమ్మాయి కోపమొచ్చి స్నానాలగదిలో తలుపేసుకుంది. పిలిస్తే పలకడం లేదు. భోజనం దగ్గర ఒక మాట అన్నాను. కాసేపు వదిలెయ్యనా?"

బట్టలు కింద పడేశాను. ఆమె నంబరు మెసేజిల పైనే ఉంది, నేనెప్పుడూ నొక్కలేదు. నొక్కాను.

"సూది వేసుకుందా?" అన్నాను. నమస్కారం లేదు, ఏమీ లేదు.

"వేసుకుంది. భోజనానికి ముందు. వడ్డించాను, తినకుండా లేచి వెళ్ళింది."

"లోపల వేడినీళ్ళా?"

"ఆవిరి తలుపు కిందనుంచి వస్తోంది. ఎందుకు?"

"అది కోపం కాదండీ. షుగర్ పడిపోతోంది. తలుపు తియ్యండి."

"గడియ పెట్టుకుంది. అసలు మీకు..." అని ఆగింది. తర్వాత రేడియోలో వినిపించే గొంతు వచ్చింది, తుఫాను వార్త చదివే గొంతు. "మీరెవరో నాకు తెలుసు. అదంతా తర్వాత మాట్లాడుకుందాం. తలుపు సంగతి చెప్పండి."

ఆ మాటకి ఆశ్చర్యపోవడానికి కూడా వ్యవధి లేదు. "పిడి ఎలా ఉంది? గుండ్రంగా ఉందా?"

"గుండ్రంగానే."

"మధ్యలో సన్నగా గాడి ఉంటుంది చూడండి. నాణెం పెట్టి తిప్పండి. లేకపోతే చాకు మొన."

ఫోను ఎక్కడో పెట్టినట్టుంది. లోహం మీద లోహం గీసుకున్న చప్పుడు. ఒకసారి జారింది. మళ్ళీ. ఆమె పిల్లని పిలుస్తోంది, పేరుతో కాదు. "కందిరీగా, కందిరీగా" అని. ఆ పేరు ఆయనదే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

తలుపు తెరుచుకుంది. ఫోనులో ఒక్కసారిగా గది మారిపోయింది, చప్పుడంతా గుహలోంచి వచ్చినట్టు, నీళ్ళు తొణికినట్టు.

"కళ్ళు తెరిచే ఉంది. చూస్తోంది కానీ నన్ను కాదు. ఏదో గొణుగుతోంది."

"ముందు తొట్టిలో నీళ్ళు వదిలెయ్యండి. తలపట్టి ఎత్తి కూర్చోపెట్టండి. మింగగలుగుతోందా? పెదవికి పండ్లరసం తాకించి చూడండి. మింగితేనే పొయ్యండి. మింగకపోతే నోట్లో ఏమీ వెయ్యొద్దు, మందుల పెట్టెలో ఎర్రడబ్బా ఉంటుంది, దాంట్లో అత్యవసరం సూది, అది వెయ్యండి."

"మింగింది."

"కొంచెం కొంచెం. ఆపకండి."

నీళ్ళు గొట్టంలోకి జారిపోతున్న గుటగుట. ఆమె ఊపిరి. మా బాల్కనీ కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొడుతున్నారు. నేల మీద ఆయన చొక్కాలు, వాటిలో కందిరీగ బడిగౌను ఒకటి. అది చేతిలోకి ఎప్పుడు తీసుకున్నానో తెలియదు.

"నలభై ఒకటి" అంది ఆమె. మీటరు.

"పావుగంట ఆగి మళ్ళీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ రసం."

"ఫోను పెట్టెయ్యకండి."

"పెట్టను."

పావుగంట. ఆమె ఒకసారి, "ఉన్నారా?" అంది. "ఉన్నాను" అన్నాను. ఆ తర్వాత దూరంగా, చిరాగ్గా, నాకు బాగా తెలిసిన గొంతు: "అమ్మా, నా ఒంటిమీద బట్టల్లేవు, తలుపు మూసెయ్!"

ఇద్దరం ఏడ్చాం. ఆమెది వినపడింది. నాది కూడా ఆమెకి వినపడే ఉంటుంది.

"డెబ్భై ఎనిమిది" అంది. "రొట్టె తింటానంటోంది."

అక్కడితో ఊరుకోవచ్చు. కానీ ఊరుకోలేదు. "మీకు ఒకటి చెప్పాలి. వేడినీళ్ళ సంగతి ఆ బుధవారమే చెప్పారు. తనకి ఇంతకుముందు ఇలా అయిందని కూడా నాకు తెలుసు. మీరు అడిగారు. నేను రాయలేదు."

అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడు.

"తెలిసీనా?"

"తెలిసే."

ఫోను పెట్టేసింది.

మే 14, బుధవారం

ఆయనకి అన్నీ చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. మంచం అంచున కూర్చుని అరచేతులు చూసుకున్నాడు, గ్రీజు మరకలు ఇంకా పోలేదు. "నాకూ తెలియలేదుగా, ఒకే ఇంట్లో ఉండి" అన్నాడు. కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

తరగతికి కూర్చున్నాను. నీలిగోడ గడి వచ్చింది. ఈసారి గోడ లేదు. ఒక మనిషి. కళ్ళకింద నలుపు, జుట్టు ఎలాగోలా ముడి వేసుకుంది. నేను ఊహించుకున్న మనిషి కాదు. కందిరీగ గడ్డం ఎక్కడినుంచి వచ్చిందో తెలిసింది.

ఆమె అందరికీ చెప్పింది: సూది, స్నానం, గడియ, నాణెం. ఎక్కడా తొందరపడకుండా, వార్త చదివినట్టు. "రికార్డింగులు చూడటం వాయిదా వెయ్యకండి. నేను వేశాను" అంది. "ఫోనులో ఒకరు నాతోనే ఉన్నారు" అంది. ఎవరో చెప్పలేదు. మిగతాది కూడా చెప్పలేదు.

మైకు అమ్మమ్మ ముక్కు చీదుకోవడం అందరికీ వినిపించింది.

మే 17, శనివారం

ఆమె రాసింది. ఇంత పొడుగు మెసేజి ఎప్పుడూ రాలేదు. దాంట్లో కొంత ఇక్కడ దింపుకుంటున్నాను, ఫోను పోతే పోతుంది.

"మూడు రోజులు మీ మీద మండిపడ్డాను. ఇప్పుడు కూడా పూర్తిగా తగ్గలేదు. కానీ నేను చెప్పనిది కూడా ఉంది. మీరు కళ్ళజోళ్ళ షాపులో చేస్తారని తను ఎప్పుడో ఫోనులో చెప్పింది. మొదటిరోజే మీ పేరు చూసి పోల్చుకున్నాను. నర్సుని అడిగి మరీ మీతో జంట వేయించుకున్నాను. నా కూతురు ఎలాంటి మనిషి చేతిలో ఉందో చూద్దామని. మీరు ఎక్కడైనా తప్పు చెప్తే పట్టుకుందామని. మీరు రాసిన ప్రతిదీ పాఠంతో పోల్చి చూసేదాన్ని. ఒక్కటీ తప్పు దొరకలేదు. ఆ కోపం కూడా ఉంది."

చదివి షాపులో ఒక్కదాన్నే నవ్వాను. యజమాని అద్దం మీదనుంచి చూశాడు. ఆమెకి ఇంకా జవాబు రాయలేదు. రాస్తాను.

మే 18, ఆదివారం

రాశాను. "గాలిబుడగ సంగతి నేను రాసినప్పుడు నాకూ తెలియదండీ, పాఠంలో చెప్పిందే" అని.

"తెలుసు. మక్కీకి మక్కీ దింపారు" అని వచ్చింది.

మే 31, శనివారం

ఆయనకి సెలవు దొరకలేదు. నేనే వెళ్ళాను. స్టేషనులో ఇద్దరూ బల్ల మీద కూర్చుని ఉన్నారు, మధ్యలో సంచి. ఆమె నాకంటే పొట్టి. దగ్గరికి వెళ్ళాక ఏం చెయ్యాలో తెలియలేదు ఇద్దరికీ. నమస్కారం పెడదామని నేను చేతులు ఎత్తేలోపల ఆమె మందుల పెట్టె నా చేతుల్లో పెట్టేసింది.

"ఇన్సులిన్ పెన్నులు రెండు కొత్తవి. ఒకటి వాడుతోంది. అత్యవసరం సూది పైనే ఉంది."

"తిన్నదా?"

"తిన్నది. ఈసారి నేను వేశాను సూది. చెయ్యి వణికింది. వెయ్యనిచ్చింది."

కందిరీగ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీరిద్దరూ ఒకటైపోయారు" అంది, ఎవరో తనని మోసం చేసినట్టు. రైల్లో నాతో మాట్లాడలేదు. కిటికీ బయట పొలాలు, స్తంభాలు, మళ్ళీ పొలాలు. నేను చెప్పనని మాట ఇచ్చి చెప్పాను. ఆ పిల్ల వైపునుంచి చూస్తే అంతే.

"నేను ఆ రోజు చెప్పకపోతే..." అని మొదలుపెట్టాను.

"తెలుసు" అంది. "అయినా కోపమే."

"ఉండనీ."

ఊరు దగ్గరపడేటప్పటికి నా మీద వాలి నిద్రపోయింది. నిద్రేనా అని రెండుసార్లు నుదురు తాకి చూశాను. చెమట లేదు. నిద్రే.

జూన్ 4, బుధవారం

మూడు పక్షాలూ కూర్చుని, అంటే ఫోనులో వాళ్ళ అమ్మ, బల్ల దగ్గర ఆయనా నేనూ, ఒక ఒప్పందానికి వచ్చాం. స్నానం ఉంటుంది. ముందు మీటరు, తర్వాత స్నానం, ఆ తర్వాతే సూది, వెంటనే భోజనం. గడియ ఉండదు. బయట ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడుతూ ఉండాలి. లోపలినుంచి పలుకుతూ ఉండాలి. కందిరీగ అంతా విని, "జైలులో కూడా ఇంతకంటే నయం" అని సంతకం పెట్టేదానిలా తల ఊపింది.

ఈ రోజు సాయంత్రం నా వంతు. షాపులో పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాను, బడులు తెరిచే రోజులు, పిల్లల కళ్ళజోళ్ళే కళ్ళజోళ్ళు. తలుపు పక్కన గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాను. లోపల నీళ్ళ చప్పుడు. మొదట్లో ముక్తసరిగా పలికింది.

"ఉన్నావా?"

"ఉన్నా."

తర్వాత తనకే విసుగొచ్చిందేమో, మొదలుపెట్టింది. నీళ్ళ కింద ఒక ఊరుందట. అక్కడ అందరూ కళ్ళజోళ్ళు పెట్టుకుంటారట, నీళ్ళలో అన్నీ మసగ్గా ఉంటాయి కాబట్టి. అక్కడ అద్దాల షాపు అతనికి తీరికే ఉండదట. ఊరివాళ్ళకి సూదులు చేపలు వేస్తాయట, వెయ్యనియ్యకపోతే కొరుకుతాయట. నేను ఊఁ కొడుతూ ఉన్నాను. గోడ చల్లగా ఉంది. తలుపు కిందనుంచి సబ్బు వాసన, ఆవిరి. ఊఁ. ఆ ఊరికి రైలు ఉందా అని అడుగుదామనుకున్నాను. అడిగానో లేదో తెలియదు.

మెలకువ వచ్చేసరికి ఎవరో నా భుజాలు పట్టి కుదుపుతున్నారు. తలనిండా నురగ, ఒంటికి టవల్ సగం చుట్టుకుని, కందిరీగ. నీళ్ళు నా ఒళ్ళో కారుతున్నాయి.

"పిన్నీ! పిన్నీ, పలకవేం? ఎన్నిసార్లు పిలిచాను!"

"నేను... ఏమైంది?"

"మాట్లాడకు. కదలకు. ఇటు ఇవ్వు చెయ్యి."

ఎప్పుడు తెచ్చిందో పెట్టె పక్కనే తెరిచి ఉంది. కొత్త సూది బిగించింది. నా వేలు టవల్ అంచుతో గట్టిగా తుడిచింది. చిటుక్కుమంది. రక్తపుచుక్క పట్టీకి అంటించి, మీటరు రెండు చేతుల్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి చూసింది. నురగ జారి కంట్లో పడుతున్నా తుడుచుకోలేదు.

"తొంభై ఏడు" అంది. మీటరు నా వైపు తిప్పింది. పెద్దగా ఊపిరి వదిలింది. "బాగానే ఉన్నావు. ఉత్తి నిద్ర."

"పొద్దున్నుంచీ నిలబడి..."

"మాట్లాడతానని చెప్పి ఎవరైనా నిద్రపోతారా? నాకెంత భయమేసిందో తెలుసా?"

"తెలుసు" అన్నాను.

తల కడుక్కోవడానికి మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఈసారి తనే పిలుస్తూ ఉంది, ఒకదాని వెంట ఒకటి, పిన్నీ ఉన్నావా, ఉన్నావా అని, నన్ను ఊపిరి తీసుకోనివ్వకుండా.

రాస్తుంటే వేలు చురుక్కుమంటోంది. వేలి చివర మధ్యలో పొడిస్తే నొప్పి ఎక్కువని పిల్లలు వేలి పక్కన పొడుచుకుంటారట. దీపం కింద పెట్టి చూసుకున్నాను. పక్కనే పొడిచింది.